మోటారులో కాపురం

మా దొర తన దేశానికి వెళ్ళిపోయేటప్పుడు పాత మోటారును మాకు వదిలిపెట్టి పోయాడు. మిషను వాళ్ళకు అప్పటికే కొత్తది వచ్చింది. పాతదాన్ని ఎవరూ అడగలేదు. ముందర ఇద్దరు కూర్చునే చోటు, వెనక కర్రలతో కట్టిన పెద్ద పెట్టెలాంటి గది, దానికి రెండు వైపులా కాన్వాసు తెరలు, లోపల పడుకోవడానికి బల్లలు. పల్లెల మీద తిరిగే కాలంలో దొర అందులోనే తిని, అందులోనే పడుకునేవాడు. మొదటి నుంచీ దాన్ని తోలింది మా ఆయనే.

మాది కోడుమూరు పక్క పల్లె. నేను మిషను బడిలో ఆడపిల్లలకు వంట చేసేదాన్ని. నాలుగక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే. వానలు వెనకపట్టగానే దొర, మా ఆయన ఊళ్ళ మీదికి బయలుదేరేవారు. ఎండలు ముదిరేదాకా తిరుగుతూనే ఉండేవారు. నడుమ ఎప్పుడైనా ఇంటికి వచ్చినా ఒక పూట ఉండి పోవడమే. మాకు బిడ్డలు పుట్టారు గాని నిలవలేదు. ఏడాదిలో సగం దినాలు ఆ ఇంట్లో నేనూ, నా పొయ్యీ తప్ప ఎవరూ ఉండేవారు కారు.

ఆయనకు రాళ్ళ పిచ్చి. దొర పల్లెలో వాక్యం చెప్తూ ఉంటే ఈయన వాగువంకల్లో, గుట్టల మొదట్లో తిరుగుతూ రాళ్ళు ఏరేవాడు. ఇంటికి వచ్చి ఖాకీ కోటు జేబులు దులిపితే నట్టింట రాళ్ళు రాలేవి. బేతంచెర్ల వైపు నాపరాతి ముక్క. పులివెందుల వైపు ముగ్గురాయి, చూడ్డానికి పిడికెడే గాని ఎత్తితే చెయ్యి వంగిపోయేది. అదే వైపు కొండల్లో దొరికే రాతినార, గోటితో గీకితే దూదిలాగ పోగులు పోగులుగా లేచేది.

"ఇది రాయా, పత్తా?" అని నేను అడిగితే పగలబడి నవ్వేవాడు.

ఆయన ఎక్కడెక్కడ తిరిగి వచ్చాడో ఆ రాళ్ళను బట్టే నాకు తెలిసేది. నేనైతే కర్నూలు దాటి ఎరగను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను.

"నన్నూ పిల్చుకోని పోరాదా?"

"బండి దొరది గదే" అన్నాడు.

మళ్ళీ అడగలేదు. కాని మోటారు బయలుదేరిన ప్రతిసారీ అది మలుపు తిరిగి దుమ్ములో కలిసిపోయేదాకా వాకిట్లో నిలబడేదాన్ని. ముందు సీట్లో ఆయన పక్కన దొర టోపీ కనబడుతూ ఉండేది. దొర చాలా మంచివాడు. అయినా ఆ టోపీని చూస్తే నాకు కడుపులో మండేది.

దొర వెళ్ళిపోయిన తర్వాత కొత్త దొర దగ్గర మా ఆయన ఎన్నాళ్ళో చేయలేదు. కొత్త మోటారును రెండుసార్లు బడి గేటు స్తంభానికి తగిలించాడు. కొత్త దొర ఏమీ అనకుండా ఆసుపత్రికి పంపించాడు. డాక్టరమ్మ ఆయన కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసి, లోపలి నరం ఎండిపోతోంది, ఇది కత్తికి లొంగే జబ్బు కాదు, ఎడమ కన్ను ఇప్పటికే పోయింది, కుడిది కూడా మెల్లమెల్లగా పోతుంది అని చెప్పింది. పని మానేసి ఇంట్లో ఉండమంది.

ఆయన ఇంటికి వచ్చి వేపచెట్టు కింద నిలబెట్టిన పాత మోటారు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అన్నానికి పిలిచినా రాలేదు. నేనే సంగటి ముద్ద, పప్పు అక్కడికే తీసుకుపోయాను. తింటూ తింటూ తలెత్తకుండా అడిగాడు.

"పోదామా?"

"యాడికి?"

"గండికోటకి. నేను చూసిందంతా నీకు చూపియ్యాల. రొంతన్నా వెలుగు ఉన్నప్పుడే పోవాల."

"తోలొద్దని డాక్టరమ్మ చెప్పింది గదా?"

"మెల్లగా పోదాములే. మనకేం తొందర? ఈ పొద్దు మనల్ని రమ్మనేటోళ్ళు ఎవురుండారు?"

నాకు ఏడుపు వచ్చింది. అది ఆయన కళ్ళ గురించి వచ్చిన ఏడుపో, ఇన్నేళ్ళకు రమ్మన్నాడని వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

కార్తీకపు చలి మొదలైన దినాల్లో బయలుదేరాము. జొన్నపిండి, కొర్రలు, చెనిక్కాయలు, ఊరుబిండి పచ్చడి సర్దాను. నీళ్ళకు కిరసనాయిలు డబ్బాలు, ఇంకోవైపు పెట్రోలు డబ్బాలు. మూడు రాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి గనుక పొయ్యి అక్కర్లేదన్నాడు. బల్లల మీద బొంతలు పరిచాను. ఒక చాట, ఒక చీపురు కూడా పెట్టాను. ఆయన హ్యాండిల్ తిప్పుతూ ఉంటే ఊరంతా చేరింది.

"సూడండమ్మా, ముసిలోళ్ళు మోటార్లో కాపరం పెట్టినారు!" అని పక్కింటి ఆమె అరిచింది. అందరూ నవ్వారు. నేను వెనక ఎక్కబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆడ కాదు. ముందర కూచో."

ఆ సీటు తోలు చిరిగి లోపలి పీచు బయటికి వచ్చి ఉంది. దాని మీద కూర్చున్నాను. మోటారు కదిలింది. మా వాకిలి వెనక్కి పోవడం, నేను నిలబడే చోటు ఖాళీగా ఉండడం మొదటిసారి చూశాను.

మొదట్లో భయంతో కళ్ళు మూసుకునే ఉన్నాను. గాలికి కొంగు నిలవదు. మాట్లాడితే ఇంజను మోతకు వినబడదు. వెల్దుర్తి దాటిన తర్వాత కళ్ళు తెరిచాను. అప్పుడు తెలిసింది, ఎడమవైపు నుంచి వచ్చేది ఏదీ ఆయనకు కనబడడం లేదని. ఎద్దులబండి ఒకటి దాదాపు రాసుకుని పోయింది.

"ఎడమ పక్క బండి!" అని అరిచాను.

ఆయన తిప్పాడు. ఆ తర్వాత దారి పొడుగునా అదే నా పని. "ఎడమ పక్క గొర్రెలు. ఎడమ పక్క గుంత. ముసలామె కట్టెలమోపు." ఆయన తల ఊపి తోలేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో మేము అన్ని మాటలు మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు.

బనగానపల్లె దగ్గర ఒక వంక పక్కన ఆగాము. ఎప్పుడో వజ్రాల కోసం తవ్విన పాత గుంతలు ఆ గుట్టల్లో ఉన్నాయి. ఇప్పుడు వాటిలో కంపచెట్లు మొలిచాయి. వజ్రం దొరుకుతుందని మేము పోలేదు. ఆయనకు రాయి ఏదైనా రాయే. వంకలో కూర్చుని చేత్తో తడుముతూ ఏరడం మొదలుపెట్టాడు. బొటనవేలితో రుద్ది, నాలుకతో తడి చేసి, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి నా చేతికి ఇచ్చాడు.

"ఇది యా రంగే?"

"కందిపప్పు రంగు."

"ఇది?"

"గుమ్మడిపువ్వు. నడుమ తెల్ల గీత ఉండాది."

"ఇంగోసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నేను ఏరడం మొదలుపెట్టాక నాకూ పిచ్చి ఎక్కింది. నీళ్ళలో ఉన్నప్పుడు మెరిసిన రాయి ఎండకు ఆరితే వట్టి బూడిదరంగు అయిపోతుంది. మళ్ళీ తడిపితే రంగు తిరిగి వస్తుంది. పిల్లలు ఆడుకున్నట్టు తడుపుతూ కూర్చున్నాను. చీరకుచ్చిళ్ళు నానిపోయినా పట్టించుకోలేదు. పొయ్యి వెలిగించేసరికి పొద్దు వాలింది.

కోయిలకుంట్ల వైపు నల్లరేగడి నేలలు. కంటికి ఆనినంత దూరం మోకాలెత్తు జొన్న, నడుమ దారి దారంలాగ తిన్నగా పోయింది. మనిషి లేడు, గొడ్డు లేదు. అక్కడ ఆయన మోటారు ఆపి దిగి, చుట్టూ తిరిగి నా వైపుకు వచ్చాడు.

"జరుగు. నువ్వు తోలు."

"నేనా? నీకేమన్నా మతి పోయిందా?"

"నాకు కన్ను పోతాండాది. నడి దోవలో పూర్తిగా పోతే? మనల్ని ఇంటికి ఎవురు చేరుస్తారు?"

కొంగు నడుముకు చుట్టి జరిగాను. నా కాలిని చేత్తో పట్టుకుని క్లచ్చి మీద పెట్టాడు. "మెల్లగా ఇడువు. పాలు పొంగేటప్పుడు మంట తగ్గిస్తావే, అట్ల." నేను వదిలాను. మోటారు ఎగిరి ఆగిపోయింది. ఆయన దిగి మళ్ళీ హ్యాండిల్ తిప్పాడు. మళ్ళీ ఆగింది. చేతులు పట్టు తప్పేదాకా తిప్పాడు గాని ఒక్క మాట విసుక్కోలేదు. చివరికి అది కదిలింది. నా చేతుల కింద ఆ బండి అంతా వణుకుతూ ముందుకు పోతూ ఉంటే నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతుంటే ఆయనా నవ్వాడు. మా నవ్వులకు జొన్నలోని కౌజుపిట్టలు లేచిపోయాయి.

గండికోట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జమ్మలమడుగు నుంచి పైకి పోయే దారిలో రాళ్ళు తేలి ఉన్నాయి, అందుకని ఆయనే తోలాడు. కోట గవిని వాకిలి దగ్గర మోటారు నిలిపి లోపలికి నడిచాము. ఇళ్ళు దాటి, పాత మసీదు దాటి, ధాన్యపు కొట్టు దాటి బండల మీద నడిచాము. ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఎన్నోసార్లు వచ్చిన చోటు గనుక కాళ్ళకే దారి తెలుసు.

"వచ్చినామే. ఈడ్నే. అంచుకు పోగాకు."

నేల ఉన్నట్టుండి తెగిపోయింది. కింద, చాలా కింద, పెన్న పచ్చగా, కదులుతోందో లేదో తెలియకుండా పారుతోంది. అటు ఒడ్డున, ఇటు ఒడ్డున కొండ నిట్టనిలువుగా గోడలాగ లేచింది. ఎవరో తాపీగా కూర్చుని ఎర్రబండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంది. అంత పెద్దదాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఈ చోటుకా ఆయన నన్ను వదిలి వచ్చేది అనుకున్నాను. ఇన్నేళ్ళూ దీని మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు దీన్ని చూస్తే ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు.

"ఎదర కొండ ఇప్పుడు యా రంగు ఉండాది?" అని అడిగాడు.

వంక దగ్గరలాగే ఆట అనుకుని ఆయన వైపు తిరిగాను. ఆయన కొండను చూడడం లేదు. కొండకు పైన, వట్టి ఆకాశాన్ని చూస్తున్నాడు. ఆ ఎండలో ఆయనకు ఎదుటి ఒడ్డు లేదు.

నేను ఏమీ పైకి తేలనివ్వలేదు. పక్కన కూర్చుని చెప్పాను. "కాలిన కుండ రంగు. పైన రొంత పసుపు. కిందికి పోయేకొద్దీ నలుపు. నీళ్ళకాడ ఇసక తెల్లగా ఉండాది."

"నడాన పెద్ద చీలిక ఉంటాది, చూడు. దాంట్లో ఒక చెట్టు యాలాడతా ఉంటాది."

వెతికాను. "ఉండాది."

"ఎండిపోయిందా?"

"లే. ఆకు ఉండాది. కొమ్మలు శానా ఉండాయి."

"నేను చూసినప్పుడు అది బిడ్డ చెట్టు" అన్నాడు.

అట్లా ఆయన అడుగుతూ, నేను వెతికి చెప్తూ ఆ లోయనంతా ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాము. చూపిస్తానన్నవాడు చూపించాడు. చివరికి ఆయన కొంచెం సిగ్గుగా నవ్వాడు.

"మన పెండ్లయినాక మొదట ఈడికొచ్చినప్పుడు, ఇంత చోటు ఉండాది, నువ్వు లేవు అనిపిచ్చింది. నీ పేరు పెట్టి గట్టిగా అరస్తి. లోయంతా నీ పేరు తిరిగొచ్చ. దొర పరిగెత్తుకోని వచ్చినాడు. ఎవురిని పిలుస్తాండావు అని అడిగ్య."

"ఏం చెప్తివి?"

"మా ఆవును అని చెప్తి."

"ఆవునా!"

"మల్ల ఏం జెప్పేది? పెండ్లాం మీద బెంగ పెట్టుకున్యా, నన్ను ఇంటికి పంపియ్యి అని చెప్తే పంపిస్తాడా?"

ఆయన దుమ్ములో కలిసిపోయేదాకా నేను వాకిట్లో నిలబడిన దినాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇటు నేను, అటు ఆయన. ఒకరికొకరం ఒక్క మాట చెప్పుకోలేదు.

"ఇప్పుడు పిలువు" అన్నాను.

"ముసలితనాన ఏమే ఇది" అన్నాడు. నేను వదల్లేదు. లేచి నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నా పేరు పిలిచాడు. గొంతు మునుపటిది కాకపోవచ్చు. లోయ మాత్రం దాన్ని తీసుకుపోయి, ఆ గోడకు ఈ గోడకు తగిలించి, మెల్లగా తెచ్చి ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను, "ఓ" అని పలికాను.

మరుసటి దినం పొద్దున కిందికి దిగేటప్పుడు ఎండ నేరుగా కళ్ళలో పడింది. ఒక మలుపులో ఆయన బ్రేకు గట్టిగా తొక్కి ఆపేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"దారి కనపడలేదు" అన్నాడు. "ఇంగ నువ్వు పట్టు."

చోట్లు మార్చుకున్నాము. ఆయన పక్కన కూర్చుని గేరు ఎప్పుడు మార్చాలో ఇంజను మోత విని చెప్పేవాడు. కొండ దిగాను. జమ్మలమడుగు వచ్చింది. అక్కడ మలుపు తప్పి సాలెవీధిలోకి తిరిగాను. వీధి పొడుగునా పడుగు పరిచి, కర్రల మీద ఎత్తి, ఆడవాళ్ళు గంజి పెడుతున్నారు. తెల్లటి నూలు ఎండకు మెరుస్తోంది. నేను ఆ నూలు మీదికే పోతున్నాను.

"నిలుపు! చేతి బ్రేకు లాగు!" అని ఆయన అరిచాడు. రెండు చేతులా లాగాను. మోటారు పడుగుకు మూరెడు దూరంలో నిలిచింది. ఇంజను ఆగిపోయింది.

చేతిలో గంజి కుంచెతో ఒక ముసలామె పరిగెత్తుకుని వచ్చింది. "కండ్లు లేవా నీకు? ఇంటిల్లిపాదీ చేసిన పని తల్లీ ఇది, తొక్కేసి పోతావా..." అంటూనే నా ముఖం చూసి ఆగిపోయింది. "అయ్యో, ఆడమనిషి! ఆడమనిషి తోలుతాండాది రండే!"

"కండ్లు ఉండేది నాకు తల్లీ. తోలే ఇద్య ఆయనది" అన్నాను.

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన ఆమె గొంతు వచ్చిన దిక్కుకు చేతులు జోడించాడు. ఆమెకు అర్థమయింది. మమ్మల్ని దింపి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మగవాళ్ళు పడుగును చుట్టి పక్కకు తీసి దారి ఇచ్చారు. నేను మళ్ళీ ఎక్కి కూర్చుంటే వీధిలో ఆడవాళ్ళంతా మగ్గాలు వదిలి వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. ఆ వీధి దాటేదాకా నేను ఒక్కసారి కూడా ఇంజను ఆగనివ్వలేదు.

మా ఊరిదాకా నేనే తోలాను. ఆగుతూ, అడుగుతూ, నడుమ నడుమ వంకల్లో రాళ్ళు ఏరుతూ వచ్చాము. ఇల్లు చేరాలని ఇద్దరికీ లేదు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. పెట్రోలు చీట్ల మీద తప్ప దొరకని రోజులు, మాకు ఎవరిస్తారు? మోటారు వేపచెట్టు కిందే నిలిచిపోయింది. టైర్లు చీలిపోయాయి, కాన్వాసు చెదలు తిన్నది. ఆయన కళ్ళు పూర్తిగా పోయాయి. సాయంకాలాలు ముందు సీట్లలో ఎక్కి కూర్చునేవాళ్ళం. "యాడికి వచ్చినాము?" అని అడిగేవాడు. "కోయిలకుంట్ల దాటినాము" అని చెప్పేదాన్ని. "జొన్న ఎంత ఎత్తుంది?" అనేవాడు. వచ్చే ఏడాది పోదాము, పులివెందుల వైపు పోదాము, ఆ రాతినార నువ్వే నీ చేత్తో పెరకాల అనేవాడు. అట్లాగే పోదాము అనేదాన్ని.

స్వరాజ్యం వచ్చే ముందటి ఏడాది, ఎండాకాలంలో, ఆయన నాలుగు దినాల జ్వరంతో పోయాడు. మిషను గుడి వెనక సమాధుల దొడ్లో పెట్టి వచ్చాము.

వానలకు ముందు కర్నూలు నుంచి ఒక సాయిబు వచ్చాడు. పాత మోటార్లు విప్పి సామాన్లు తీసేవాడు. ఉంచుకుని నేను ఏం చేస్తాను, తీసుకుపొమ్మన్నాను. ఇంజను ఎప్పుడో బిగుసుకుపోయింది గనుక ముందర రెండు జతల ఎద్దులను కట్టాడు. తోలేవాళ్ళిద్దరూ ఎద్దుల దగ్గర నిలిచారు. సాయిబు అటూ ఇటూ చూశాడు.

"స్టీరింగు ఎవురన్నా పట్టుకోవాల. ల్యాకపోతే ఎద్దులు యా పక్క లాగితే ఆ పక్క గుంతలో పడతాది. నేను ఎనక నుంచి తొయ్యాల."

"నేను పడతా" అన్నాను.

నమ్మలేదు. నేను ఎక్కి కూర్చుని కొంగు నడుముకు చుట్టేసరికి వెనక్కి పోయి నిలబడ్డాడు. ఎద్దులు లాగాయి. ఇంజను మోత లేకపోతే ఆ బండి ఎన్ని చోట్ల కిర్రుమంటుందో అప్పుడు వినబడింది. ఎడమ పక్క గుంత వచ్చింది, తప్పించాను. కర్నూలు రోడ్డు ఎక్కాక సాయిబు ముందుకు వచ్చి, "ఇంగ దిగమ్మా, తిన్నని రోడ్డు, నేను చూసుకుంటా" అన్నాడు.

"రొంత దూరం" అన్నాను.

నా ముఖం చూసి సరేనన్నాడు. దారిలో వచ్చే వంక దాకా పోనిచ్చాడు. అక్కడ దిగి, ఎండలో నడిచి ఇంటికి వచ్చాను. చెప్పులు లేని కాళ్ళు కాలాయి గాని అది నాకు ఇల్లు చేరాకే తెలిసింది.

ఇప్పుడు జమ్మలమడుగు దాకా బస్సు పోతుందట. పక్కింటి ఆమె, పోదాము రా, గండికోట చూపిద్దువు గాని అంటూనే ఉంది. పోవాలనే ఉంటుంది. మూట కట్టుకుని రోడ్డు దాకా పోయిన దినాలు కూడా ఉన్నాయి. బస్సు వచ్చి నిలుస్తుంది. తోలేవాడి ఎడమ పక్కన, నా చోట, ఎవరో కూర్చుని ఉంటారు. వాళ్ళను చూసి నేను నిలబడిపోతాను, బస్సు పోతుంది.